మా రికార్డులో వగరు గడి

1978 మార్చి 6వ తేదీన శ్రీ భీమశంకర్ గారు కాలిఫోర్నియాలోని మా కొండమీది వైనరీలో రసాయన పరీక్షకులుగా బాధ్యతలు స్వీకరించారు. తోట మేస్త్రీగా నేనప్పటికి మూడేళ్ళ పాతకాపును. ఇస్త్రీ చొక్కాతో వచ్చినవారు, పరీక్షశాలకు కాక నేరుగా గట్టెక్కి, గుప్పెడు నేల తీసి, "ఏమయ్యా నరసింహా, ఇది మట్టా, కంకరా?" అన్నారు.

"రెండూ కాదండీ, యజమానిగారి మొండితనం" అన్నాను. ఆ తర్వాత నేనంత పొడుగు మాట ఆడింది తక్కువ.

లోయలో పొగమంచు పదింటిదాకా కదలదు. రెండువేల అడుగుల ఎత్తున మా తోట తెల్లవారుతూనే ఎండలో ఉంటుంది. సూటి ఎండకు, బీద నేలకు పండు చిన్నదై, తోలు మందమవుతుంది. ఎర్ర వైన్‌కు రంగూ, వగరూ అక్కడినుంచే. ఆ వగరును అదుపుచేయుటలో భీమశంకర్ గారు చూపిన నిష్ఠ అనన్యసామాన్యం.

1983 అక్టోబరులో లోయంతా కోత ముగిసింది. మాకూ తీపి కొలత సరిపోయింది. పడమట మబ్బు దిగింది. ఆ ఏడు పంట పోతే తోట నిలవదని అందరికీ తెలుసు. కూలీలు కత్తులు పట్టి నిలబడ్డారు. భీమశంకర్ గారు ఒక పండు గింజ నమిలి ఉమ్మి, "వద్దు సర్. వగరు" అన్నారు.

"పులుపా?" అన్నారు యజమాని వెండెల్ గారు.

"కాదు సర్, వగరు. మీ భాషలో మాట దొరకడంలేదు. మీరే కొరకండి."

కొరికారు. మొహం ముడుచుకుపోయింది. "మరి వానకు కుళ్ళితే?"

"నా ఉద్యోగం మీ చేతిలో ఉంది."

నేనూ కోసేద్దామన్నవాణ్ణే, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నాలుగు రోజులు ఆగాం. ఆ నాలుగు రోజులూ వారి శ్రీమతి వసుమతి గారు కట్టిచ్చిన క్యారియర్ మూత తియ్యకుండానే ఇంటికి తిరిగివెళ్ళింది. కారణం ఆమెకు ఇప్పుడే తెలుస్తోందేమో.

రెండోరోజు వాన కురిసింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నీరు ఏటవాలున జారిపోయింది. మర్నాటి కొండగాలి గుత్తులను ఆరబెట్టింది. అయిదోనాటి ఉదయం గింజ గోధుమరంగుకు తిరిగి, వేయించిన పప్పులా పటుక్కుమంది. వెండెల్ గారే నమిలి, "వగరు పోయిందా?" అన్నారు.

"పోలేదు సర్. పోకూడదు. దారికొచ్చింది."

కోత మొదలైంది. నాటినుంచి మా రికార్డులో తీపి, పులుపుల పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో 'వగరు' అని మూడో గడి ఉంది. పదకొండేళ్ళ సేవానంతరం ఈ 1989 జూన్ 30న విరమిస్తున్న వారి తరువాత ఆ గడి నింపవలసింది నేను. భయంగానే ఉంది.

కావున భీమశంకర్ దంపతులకు సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయువూ, విశేషించి వారికి గట్టి పళ్ళూ కలగాలని మనసారా కోరుకుంటున్నాను. అక్టోబరులో గింజలు పట్టుకుని మీ ఇంటికే వస్తానండీ.