గుడ్డికొంగ వీపు ఎర్రబడిన ఏడు

ఏం నరేంద్రా, యాడ జూస్తాండావు? అది మట్టిగడ్డ కాదప్పా, గుడ్డికొంగ. ఉండు, చప్పుడు చెయ్యద్దు. కూర్చుంటే మట్టి, లేస్తే పాలు. అదో, రెక్క ఇప్పింది జూడు, ఎంత తెలుపో! అంత చిన్న పక్షికి దేవుడు రెండు రంగుల గుడ్డలిచ్చినాడు, మీ అవ్వకు మాత్రం ఈ వెలిసిపోయిన చీర. నవ్వు, నవ్వు. ఎదురుగా ఒకరు నవ్వితేనే నాకు మాటొచ్చేది. దీన్ని జూస్తే మా అన్న శివప్ప గుర్తుకొస్తాడప్పా. నువ్వు పుట్టకముందే పోయినాడులే.

మా కుందుర్పి పక్క వానను నమ్ముకోని విత్తనం ఎట్లేసేది? చెరువులో మడమ తడిసేన్ని నీళ్లు నిలిస్తే చాలు, ఈ కొంగలు యాడనుంచో దిగుతాయి. వాటి వీపు ఎర్రబడితే, అదీ కుంకుమలో ఇంత మసి కలిపినట్టు ఎర్రబడితే, ఇంక వాన తప్పదని మా నమ్మకం. మా అన్న తెల్లారుజామునే కట్టమీదికి పోయి జూసొచ్చి, "గొర్రు కట్టండప్పా" అంటే ఊరంతా శెనక్కాయ విత్తేది. ఆయప్ప నోరు తెరవందే ఎవురూ విత్తనాల సంచి మూతి ఇప్పరు. అంత గురి.

ఆ యేడు గూడా వీపులు ఎర్రబడినాయి. తుమ్మచెట్లల్లో గూళ్లు గట్టి పిల్లలు లేపినాయి. అన్న చెప్పినాడు, ఊరు విత్తింది. కదిరి నరసింహస్వామి సాక్షిగా చెప్తాండా, మళ్లీ ఒక్క చినుకు రాల్లేదు. మొలక మొలకగానే మాడిపాయ. రచ్చకట్ట కాడ మా ఊరి లింగన్న అందరిముందర, "ఏం శివప్పా, నీ కొంగకు రంగేసిందెవురు? నువ్వేనా?" అన్య. అందరూ నవ్విరి. మా అన్న తుండుగుడ్డ దులుపుకోని ఇంటికొచ్చినాడు. శనివారం భజనకు గూడా పోవడం మానుకున్యాడు.

అయితే చెరువుకు మాత్రం పోతాండె. ఊరిబయట బోరునుంచి కావడితో నీళ్లు మోసి, చెరువులో కొంగలు మేసే గుంతలో పోస్తాండె. మా వదిన హనుమంతమ్మ ఊరుకుంటాదా? "సేనెండిపోతాంటే కొంగలకు నీళ్లా? నీకేమన్నా పిచ్చా?" అని అరిసింది. ఆయప్ప మెల్లగా అన్యాడు: "సేను నమ్మింది నా మాటనే. అవి దేవుని మాట నమ్మినాయి. నా మాట పోతే పోనీ. ఆ స్వామి మాట పోగూడదు."

కావడి నీళ్లు గుంతకు యాడ సాల్తాయప్పా? చేపలు సచ్చిపాయ. తల్లికొంగలు ఒకనాడు లేసిపోయినాయి, మళ్లీ రాల్యా. గూళ్లల్లో పిల్లలు... వద్దులే. అన్న వాటినన్నిటినీ తుండుగుడ్డలో మూటగట్టి, చెరువులోనే గుంత తీసి పూడ్చినాడు. ఇంటికొచ్చి దేవునింట్లో దీపం పెట్టల్యా. జీవితంలో మొదటిసారి.

మరుసటేడు మంచి వానలే. వీపులు ఎర్రబడినాయి. లింగన్నే మా ఇంటిముందరికొచ్చి, "శివప్పా, తప్పాయ. ఒక్క మాట చెప్పప్పా, ఊరంతా కాసుకోనుంది" అన్య. మా అన్న గోడపక్కకు తిరిగి పండుకోని, "నాకు తెల్దు" అన్యాడు. అంతే. ఆ యేటి సంక్రాంతి చూడల్యా ఆయప్ప.

ఇప్పుడా? ఇప్పుడు ఫోన్లో జూసుకోని విత్తుతారు. అదీ తప్పుతాది. కానీ ఫోనుకు ఎగతాళి తగలదు గదా...

పా నాయనా, ఎండెక్కింది. కాళ్లు కాల్తాండాయి.