కుందేలు బొమ్మ దాటి

సూర్యాపేటలో మిర్యాలగూడ రోడ్డు మీద నాగేష్ చాయ్ దుకాణం. పొద్దున తొమ్మిదింటికి బస్సు కోసం చూసేవాళ్లు, బస్సుతో పనే లేనివాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మట్టయ్యది రెండో రకం. ముప్పై ఆరేండ్లు లారీ నడిపిండు. రెండు మోకాళ్లూ అరిగిపోయినయి. ఇంటి నుంచి దుకాణానికి చేతికర్రతో రెండు చోట్ల ఆగి వస్తడు. నోరు మాత్రం ఎక్కడా ఆగదు. పోయిన వారం మనుమరాలు సింధూజ తాతనూ నాయనమ్మ బుచ్చమ్మనూ పట్నం అవతల ఉన్న పెద్ద ఆటల పార్కుకు తీసుకపోయింది.

"నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి గాదు, మీకెర్కే. అడిగిన్రు గాబట్టి చెప్తున్న" అన్నడు మట్టయ్య.

ఎవరూ అడగలేదు.

"గా పార్కు ఎంతుంటదంటే, గేటు కాడ గడ్డం గీసుకొని బయలెల్లినోడు అవతలి గోడ ముట్టేసరికి మళ్ల గడ్డం పెరుగుతది. నడుసుడు నాతోని యాడైతది? మా సింధూజ బండి కిరాయికి తీసింది. ఏమున్నది, కుర్చీకి నాలుగు చక్రాలు, ముంగట హ్యాండిలు, దానికో బుట్ట. కరెంటు బండి. తాళం చావి తిప్పి బొటనవేలుతోని మీట నొక్కితే పోతది, ఇడిస్తే ఆగుతది. స్పీడుకు గుండ్రటి బిళ్ల ఒకటి తిప్పాలె. ఈ దిక్కు తాబేలు బొమ్మ, ఆ దిక్కు కుందేలు బొమ్మ. బండిచ్చే ఆమె 'తాతా, తాబేలు మీదనే ఉండనియ్' అన్నది. నాకు నవ్వొచ్చింది. అమ్మా, పద్నాలుగు టైర్ల బండిని ఘాట్‌రోడ్డు మీద రివర్సు తీసినోణ్ణి, నాకు తాబేలా? సరేలే, ఆడమనిషి, ఎందుకు చిన్నవుచ్చాలె అని ఊకున్న. ఐస్‌క్రీమ్ కాడ జనం కిక్కిరిసి ఉన్నరు. గా నడుమల నుంచి, ఎవ్వల చెప్పుకు తగలకుంట, బండిని రివర్సు తీసిన. గంతే. చిన్న పని."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నరు కృష్ణమూర్తి సార్. కోదాడలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏ మాటకైనా మార్కులు వేయందే ఉండలేరు.

"నమ్మక సస్తరా సారూ! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పిల్లలు కూసునే చిన్న రైలు ఒకటి కూతవెట్టుకుంట నా పక్కకొచ్చింది. ఆ డ్రైవరు నా దిక్కు సూసి మీసం దువ్విండు. నాకు లోపల సుర్రుమన్నది. బిళ్లను కుందేలు మీదికి తిప్పిన. బండి లేచింది సూడు! రైలు ఎనకవడ్డది. నా గాలికి పిల్లల టోపీలన్ని లేసి నా బుట్టల పడ్డయి. ఒక్కొక్కటి ఎవ్వలది వాళ్లకే ఇచ్చిన, నాకెందుకు వాళ్ల టోపీలు? రైలు డ్రైవరు దిగొచ్చి 'గురువా' అని కాళ్లు మొక్కిండు."

"రైలు ఆపిండా తాతా?" అన్నడు నాగేష్, చాయ్ వడగడుతూ.

"ఆపుడేంది, రైలు గూడ మొక్కింది. నువ్వు చాయ్ సంగతి సూడు. గంతలనే పైనుంచి ఒకటే లొల్లి. తలకిందులుగ తిరిగే బండి ఉంటది గదా, పట్టాల మీద గిరగిర తిరిగేది? అది పైన, సరిగ్గ తలకిందులున్న కాడ ఇరుక్కున్నది. ఇరవై నాలుగు మంది, గబ్బిలాల లెక్క యేలాడుతున్నరు. జేబుల చిల్లర, ఫోన్లు, ఎవ్వలిదో కట్టుడు పండ్ల సెట్టు, టపటప కింద పడుతున్నయి. ఇంజనీర్లు పరేషాన్. నేను బండిని ఆ పట్టాల మీదికి ఎక్కిచ్చిన."

"అదెలా కుదురుతుందయ్యా? చక్రాలు పట్టాలకు సరిపోవాలి కదా!" అన్నరు సార్.

"టైర్ల గాలి జర తీసిన సారూ. గాలి తగ్గితే టైరు పట్టుకుంటది, ముప్పై ఆరేండ్ల అనుభవం అది. ఎక్కుతున్న, ఎక్కుతున్న, సగానికొచ్చినంక కుందేలు సాల్తలేదు. బిళ్లను ఇంకా తిప్పిన. ఏమైందో ఎర్కేనా? కుందేలు బొమ్మ దాటినంక ఇంకో బొమ్మ ఉన్నది! ఎవ్వలికి కనవడది. డ్రైవరైనోనికే కనవడతది. గద్ద బొమ్మ!"

బెంచీ మీదున్నవాళ్లు నవ్వాపుకోలేక గ్లాసులు కింద పెట్టిన్రు.

"నవ్వుతరేంది? తలకిందులైన, మీది జేబుల ఉన్న అగ్గిపెట్టె గూడ జారలే. నా కండువ ఒక కొస ఆ బండికి గట్టి, ఇంకో కొస నా కుర్చీకి గట్టి, ఒక్క గుంజు గుంజిన. ఇరవై నాలుగు మంది క్షేమంగ కిందికి దిగిన్రు. నా బండి మాత్రం ఆగలే. గద్ద మీద ఉండె గదా! మొగులు మీదికి పోయింది. ఆడికెల్లి సూస్తే తిరుమలగిరి పత్తిచేన్లు, మిర్యాలగూడ రైసుమిల్లుల పొగ, హాలియా దాటి సాగర్ నీళ్లు, అన్ని కనవడ్డయి. గీ నాగేష్ పాలల్ల నీళ్లు పోస్తున్నది గూడ కనవడ్డది."

"ఆ రోజు నా దుకాణం బందు తాతా!"

"అందుకే నీళ్లే కనవడ్డయిరా, పాలు కనవడలే."

ఈసారి నాగేష్ కూడా నవ్విండు. బెంచీ చివర ఒక్క గౌరీబాయి నవ్వలేదు. ఆత్మకూరు దగ్గరి తండా ఆమెది. వారానికి రెండుసార్లు కూరగాయలమ్మి, ఖాళీ గంపతో ఇక్కడే బస్సెక్కుతది. గ్లాసు పక్కన పెట్టి మట్టయ్య వైపు తిరిగింది.

"అన్నా, ఆ బండి మనిషి నడిచినంతనే పోతదట. మా బిడ్డ ఫోన్ల సూపెట్టింది. వచ్చే వారం మమ్ముల అదే పార్కుకు తీసుకపోతనంటున్నది. మా అమ్మకు నడుము వడ్డది. గసొంటి బండ్లె కూసోవెడితే నలుగురు నవ్వుతరు, నేను రానని మొండికేసింది. నీ ముచ్చట ఇంటే రేపు ఆమెకు చెప్పొచ్చని పొద్దటి సంది ఇంటున్న. మొగులు సంగతి నాకెందుకు? నిజం చెప్పన్నా. దాంట్ల కూసునేటప్పుడు నీకు సిగ్గయ్యిందా, కాలేదా?"

మట్టయ్య చేతికర్ర పిడిని బొటనవేలుతో రుద్దుకుంటూ రోడ్డు వైపు చూసిండు.

"అయింది చెల్లె" అన్నడు. "శానా అయింది. గంటసేపు కూసోనే లేదు. గేటు కాడ గోడకానుకొని నిలవడ్డ. దాంట్ల కూసుంటే ఇగ నేను డ్రైవర్ను గాదు, కుంటోణ్ణని నేనే ఒప్పుకున్నట్టు గాదా? మా సింధూజ బతిమిలాడితే దాన్ని తిట్టిన. పిల్ల కండ్లల్ల నీళ్లు తీసుకున్నది. మా బుచ్చమ్మ మాత్రం ఏమనలే. వచ్చి నా పక్కన ఎండల నిలవడ్డది. నువ్వు లోపలికి పోవే అన్న. 'నాలుగేండ్ల సంది పెండ్లిళ్లకు ఒక్కదాన్నే పోతున్న, పెద్దగట్టు జాతరకు ఒక్కదాన్నే పోయిన. గీడికి గూడ ఒక్కదాన్నే పోవాల్నా?' అన్నది."

మట్టయ్య చేతికర్రను బెంచీకి ఆనించిండు.

"గప్పుడు కూసున్న. తల వంచుకొనే కూసున్న. కొంచెం దూరం పోయి తలెత్తి సూస్తే ఎవ్వలు నా దిక్కు సూస్తలేరు, ఎవ్వల ఆటల వాళ్లున్నరు. జర ధైర్యమొచ్చి బిళ్లను కుందేలు దిక్కు తిప్పిన. ఎనకకెల్లి బుచ్చమ్మ ఉరుక్కుంట వచ్చి, 'జర మెల్లగ పోరాదయ్యా, అందుకోలేకపోతున్న' అన్నది. నాలుగేండ్లయింది చెల్లె, ఆమె నోట ఆ మాట ఇని. రోజూ ప్రతి మలుపు కాడ ఆమెనే ఆగి నా కోసం సూస్తుండె."

కృష్ణమూర్తి సార్ ఈసారి మార్కులు వేయలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నరు.

అవతల ఆత్మకూరు బస్సు హారన్ కొట్టింది. గౌరీబాయి గంప ఎత్తుకొని లేచింది.

"మా అమ్మకు ఏమని చెప్పాలన్నా?"

"ఏం చెప్పకు. కూసో అని అసలే అనకు. బండి చావి తీసుకపోయి ఆమె చేతుల వెట్టు."

"ఆమె ఎన్నడు సైకిల్ గూడ తొక్కలేదన్నా!"

"ఇంకా మంచిది" అన్నడు మట్టయ్య. "చావి చేతుల వెట్టి, నువ్వు నాలుగడుగులు ఎనకకు జరుగు."