పాటల మధ్య గొంతులు

శనివారం మధ్యాహ్నం అమెరికాలోని మెంఫిస్‌లో, ఆరెంజ్ మౌండ్ పేటలోని థియోటిస్ మంగలి షాపుకి జుట్టు పెరిగినవాళ్లకన్నా క్లియోథా కబుర్లు వినాలనుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు. కానీ ఇవాళ క్లియోథా ఊసుపోక మాట్లాడటం లేదు. ర్యాపర్ స్మోకీ లెవాన్ పోయి పదేళ్లయింది. అతని రెండో ఆల్బం 'మట్టి ఊపిరి'ని ఏదో కంపెనీ మళ్లీ తెస్తోందట. అట్ట మీద ఎవరెవరి పేర్లు వెయ్యాలో కనుక్కోడానికి ఆ కంపెనీ తరఫున జూలియన్ అనే అతను నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ వెయ్యని తన పేరు ఈసారి పడాలి. పడకపోతే తను పుట్టినట్టు కూడా ఎక్కడా మిగలదని క్లియోథా బెంగ.

"నేను చేసింది పెద్దగా ఏం లేదు బాబూ," అని మొదలెట్టాడు, ఎక్కడలేని వినయంతో. "లెవాన్ మొదటి ఆల్బం వాళ్ల మేనత్త తప్ప ఎవరూ కొనలేదు. రెండోది మా ఇంట్లో, బట్టల అలమరలో నిలబడి పాడాడు. బయటి చప్పుడు పడకుండా గోడలకి పరుపులు కట్టింది నేను. క్యాసెట్ కాపీలు తీసింది నేను, కారు డిక్కీ తెరిచి అమ్మింది నేను."

"పాడింది కూడా నేనే అనెయ్, ఓ పనైపోతుంది," అన్నాడు కుర్చీలో మొహం నిండా నురగతో ఉన్న రాండెల్.

"నోరు ముయ్యరా, నురగ లోపలికి పోతుంది. జూలియన్ బాబూ, అసలు సంగతి విను. కాపీ తీసేటప్పుడు పాట పాటకీ టేపు ఆపి, పెన్సిలు పెట్టి నాలుగు చుట్లు ముందుకి తిప్పేవాణ్ణి. ఎందుకో తెలుసా? చచ్చిపోయినవాళ్లు వచ్చి దూరడానికి చోటు."

రాండెల్ నవ్వబోయాడు గానీ థియోటిస్ కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"నా టేపులో ఉందిరా," అన్నాడు థియోటిస్ మెల్లగా. "రెండో పాట అయ్యాక ఎవరో ఆడమనిషి 'అవును ప్రభూ' అంటుంది. అది విన్నాక కారులో ఒంటరిగా ఎప్పుడూ పెట్టలేదు."

"విన్నావా! టేపుకో గొంతు బాబూ, ఏ రెండూ ఒకటి కాదు. పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ కొనుక్కెళ్లి మూడోరోజు మా గుమ్మంలో వణుకుతూ నిలబడింది. నాలుగో పాట అయ్యాక వాళ్లమ్మ కూనిరాగం తీసిందట. ఆ తల్లి పోయి అప్పటికి ఆరేళ్లు. టేపు మొహాన కొడుతుందనుకున్నా. 'ఇందులో సగమే ఉంది, మిగతాది ఏ టేపులో ఉంది?' అని అడిగింది."

జూలియన్ గబగబా రాసుకుంటున్నాడు. ఆ కలం కదులుతుంటే క్లియోథాకి ఒళ్లు తెలియలేదు.

"ఆ తర్వాత ఏమైందనుకున్నారు? ఏ కారులో చూసినా అదే మోత. శ్మశానం పక్కనించి కారు పోతే లోపలి సమాధిరాళ్లు ఇటు తిరిగి చూసేవి. మిస్సిసిప్పి నది పాటయ్యేదాకా ఆగి, గొంతులు కూడా వినేసి, అప్పుడు కదిలేది. మొదటి ఆల్బంని చెత్త అని రాసిన పత్రికాయన దీనికి అయిదుకి అయిదు నక్షత్రాలిచ్చాడు. తీరా కనుక్కుంటే, అది రాసి పంపిన తేదీకి ఆయన పోయి నాలుగు రోజులు."

"మరి ఎవరు రాశారు?" అన్నాడు రాండెల్. వాడి గొంతులో వెటకారం తగ్గింది.

"నన్నడుగుతావేం? ఆయన్నే అడుగు. అక్కడితో అయిందా? ఓ ఆదివారం మిట్టమధ్యాహ్నం డిక్కీ తెరిచేసరికి జనం వరస కట్టి ఉన్నారు. తెల్ల చేతితొడుగులు, పెద్ద టోపీలు, ఇస్త్రీ చేసిన చర్చి బట్టలు. అంత ఎండలోనూ ఒక్కరికీ నీడ లేదు. ముందున్నావిడ చెయ్యి చాపి, 'మావి మాకిచ్చెయ్' అంది."

ఆ చివరి మాట ఇన్నేళ్లలో ఎప్పుడూ కథలో లేదు. ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు. 

"క్లియోథా," అంది కిటికీ దగ్గర తన వంతు కోసం కూర్చున్న మిస్ ఇర్లీన్. ఎనభై దాటిన మనిషి, ఇంతసేపూ పెదవి విప్పలేదు. "ఆ టేపుల అంచున ప్లాస్టిక్ ముక్కలు విరిచేసి లేవూ?"

"ఏ ముక్కలు మిస్ ఇర్లీన్?"

"ఆదివారం ఆరాధన రికార్డు చేశాక, దాని మీద ఇంకెవరూ ఎక్కించకుండా ఆ ముక్కలు నేనే విరిచేదాన్ని. మంచాన పడ్డవాళ్లకి పంపేవాళ్లం. చర్చి కింది గదిలో పదకొండు పెట్టెలుండేవి. ఈ ఆల్బం వచ్చిన ఏడే మాయమయ్యాయి. విరిగిన చోట ప్లాస్టరు అంటించి మీ పాటలు ఎక్కించావు. నువ్వు వదిలేసిన నాలుగు చుట్లలోనే మావాళ్లు మిగిలారు."

 పెట్టెలు తెచ్చింది లెవానేనని చెప్పెయ్యొచ్చు, చచ్చినవాడు కాదనడు. ఆ మాట క్లియోథా నోటిదాకా వచ్చింది. అక్కడే మింగేశాడు.

"నేనే తీశాను," అన్నాడు. "కొత్తవి కొనే దిక్కులేదు. అవి ఎవరూ వినరనుకున్నా."

"ఇన్నేళ్లు తెలిసీ ఎందుకు ఊరుకున్నారు మిస్ ఇర్లీన్?" అన్నాడు థియోటిస్.

"చెబితే కొన్నవాళ్లు దొంగసొత్తని పారేస్తారు. ఒక్కోదాంట్లో ఎవరో ఒకరు ఉన్నారాయె. ఆరాధనకి ముందు పాట ఎత్తుకునేది మా ఆయన. టేపు మొదట్లోనే ఉంటాడు. వీడు సరిగ్గా అక్కడే మొదటి పాట ఎక్కించాడు. కనబడ్డ కాపీనల్లా కొన్నాను, పందొమ్మిది. ఒక్కదాంట్లో దొరికాడు. మొదటి పాట అయ్యాక దగ్గుతాడు." క్లియోథా వంక చూసింది. "అంతే మిగిల్చావు."

జూలియన్ పుస్తకం మూయబోయాడు.

"మూయకు నాయనా, రాసుకో. మా ఆయన, చర్చి పెద్ద, డీకన్ హోసియా టాలివర్. ఏం చేశాడని రాయాలో తెలుసుగా? దగ్గాడు."

జూలియన్ ఆ మాటే రాశాడు.

"కాపీలు తీసింది వీడు. ఆ అబద్ధాలన్నిట్లో నిజం అదొక్కటే. వీడి పేరూ వెయ్యి."

పేరు ఎలా రాయాలని జూలియన్ అడిగాడు. క్లియోథా మిస్ ఇర్లీన్ వంక చూశాడు. మిస్ ఇర్లీనే ఒక్కో అక్షరం చెప్పి రాయించింది.