తొంభై మాత్రలు

డుంబ్రిగుడ దగ్గర ఒక వైద్య శిబిరం. ఫిట్లకు కొత్త మాత్రను పరీక్షించే పని నేర్చుకుంటున్న డాక్టరు బిందుమాధవి, ఆ పరీక్షలో చేరిన కాఫీతోట కూలీ చిన్నమ్మి మాట్లాడుకుంటున్నారు.

“తొంభై రోజులు, తొంభై మాత్రలు. ఒక్కటీ మిగల్లేదు చిన్నమ్మి గారూ. ఇంత పద్ధతిగా ఇంకెవరూ లేరు.”

“నువ్వు సెప్పినావు కదా డాకటరమ్మా. రోజుకొకటి, అంబలి తాగినాక.”

“ఫిట్ల నోటుబుక్కు కూడా బాగుంది. మొదటి నెల ఆరు గీతలు, రెండో నెల రెండు. ఈ నెల అసలు లేవు.”

“గీతలు నానే పెట్టినాను.”

“చెయ్యి ఇలా ఇవ్వండి, బీపీ చూస్తాను. అది కాదు, ఎడమది.”

“ఇది సూడు. రెండూ ఒకటే కదేటి.”

“ఎందుకు దాస్తున్నారు? ఇదేంటి, కాలిందా?”

“పొయ్యికాడ తగిలింది.”

“మోచేతి దాకా తగులుతుందా?”

“పొయ్యి కొంచెం ఎత్తు తక్కువ.”

“చిన్నమ్మి గారూ, ఫిట్ వచ్చి పడ్డారా?”

“పోయిన వారం. సంతకి ముందు రోజు.”

“మరి నోటుబుక్కులో గీత లేదే.”

“మాత్ర తిన్నోల్ల ఫిట్లే కదా రాయమన్నావు.”

“అవును. అంటే మీవే.”

“నాను తిన్నేదు.”

“ఏంటీ?”

“మంచి మాత్ర. తెల్లగా, నున్నగా.”

“ఎవరు తిన్నారు?”

“మా అప్ప కనక. నాకు వారానికొకటి వొస్తే దానికి మూడు. మొదటి రోజు దాన్నీ తెచ్చినాను. నువ్వే, యాభై దాటినోల్లకి నేదన్నావు.”

“మీ అక్కకి ఎందుకు లేదన్నానండీ? ఆ వయసువాళ్ళకి ఇస్తే ఏమవుతుందో మాకింకా తెలీదు. రక్తపరీక్ష లేదు, గుండె పరీక్ష లేదు. ఏదైనా అయ్యుంటే?”

“ఏటీ అవలేదు. మొన్న సంతకి ఒక్కతే ఎల్లి వొచ్చీసింది. ఆరేల్ల తరవాత.”

“ఇది నేను రాయాలి.”

“రాయకపోతే ఎవలికి తెలుస్తాది?”

“ఎవరికీ తెలీదు. డబ్బా ఖాళీ, నోటుబుక్కు శుభ్రంగా ఉంది. ఇది నా మొదటి పరీక్ష, అందరూ మెచ్చుకుంటారు కూడా.”

“మరింకేటి?”

“రేపు ఇంకెక్కడో మీలాంటి మనిషి ఈ కాగితాన్ని నమ్మి పొయ్యి దగ్గర కూర్చుంటుంది.”

“సరే, రాసీ. నా పేరు రాయి. మా అప్పది రాయకు.”

“ఇక్కడే ఉండండి. ఈ పరీక్ష నడిపే సార్‌కి ఫోన్ చేస్తాను. ఆవిడ తిన్నదేంటో ఇప్పుడే తెలియాలి.”

“నీకు తెల్దేటి?”

“మొదటి రోజు చెప్పాను కదా. సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరికి ఏది పోయిందో నాకూ తెలీదు.”

“తెలీకుండా ఇచ్చీడానికి ఇంత సదువేటి?”

“తెలిస్తే మీ మొహం చూసి బాగుందని రాసేస్తాను. అందుకని.”

బిందుమాధవి బయటికెళ్ళి ఫోన్ మాట్లాడి వచ్చింది.

“తిట్టినారా?”

“తిట్టారు. గట్టిగానే. మీరింక ఈ పరీక్షలో ఉండరు. మీ అప్పని రేపే తీసుకురావాలి, నేను చూడాలి.”

“మరి ఆ మాత్ర?”

“ఉత్తదే. అందులో మందు లేదు.”

“నేకపోడమేటి? మా అప్ప తిరుగుతంది కదా.”

“అదే నాకూ అర్థం కావట్లేదు. ఆవిడకి ఆస్పత్రిలో ఇచ్చే పాత మాత్రలున్నాయి కదా, అవి వేసుకునేదా?”

“గుర్తొస్తే తినీది. సేదని ఊసీసీది.”

“ఈ మూడు నెలలూ?”

“నీ మాత్ర దొంగతనంగా ఇస్తన్నాను కదా, ఎవలికీ తెలీకుండా నానే ఎల్లీదాన్ని. ఎలాగూ ఎల్లినాను కదాని పాతవి కూడా సేతిలో పెట్టి, మింగినదాకా దాని నోరు సూసి, అప్పుడు తోటకి ఎల్లీదాన్ని. మాపటేల మళ్ళీ.”

“రెండు పూటలా? ఒక్కరోజు కూడా తప్పలేదా?”

“వానలో కూడా. దాని ఇల్లు గెడ్డ అవతల, నీల్లు దాటి ఎల్లాల.”

“మరి మీ పాత మాత్రలు? కొత్తదాంతో పాటు అవీ వేసుకోమన్నాను కదా.”

“నావా? పనికి టైమైపోద్ది.”

“వేసుకోలేదు.”

“నాకాడ నిలబడి సూసీవోల్లు ఎవలున్నారు?”

“రేపట్నుంచి మీ అప్ప నిలబడుతుంది. ఇంద, మంచినీళ్ళు తాగండి. మీ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఫిట్లున్నవాళ్ళు ఇంకా ఎంతమంది ఉంటారు?”

“నలబై మంది ఉంతారు. ఎందుకు? వోల్లకి కూడా కొత్త మాత్ర ఇత్తావా?”

“లేదు, పాతదే. కానీ ఇంకో పరీక్ష, సార్‌ని ఒప్పించే పూచీ నాది. సగం ఇళ్ళకి మందొక్కటే వెళ్తుంది. మిగతా సగం ఇళ్ళకి మందుతో పాటు మీరు వెళ్తారు.”