రాజి జుట్టు, నా మొక్కు

"అమ్మమ్మా, అయ్యో! మీ జడేమైంది? మొన్నటిదాకా నడుం కిందికి ఉండేది కదా!"

అగో, సూడనే సూసినవు. రా స్రవంతీ, లోపలికి రా. చెప్పులాడ ఇడ్వు. గా కుర్చీ గుంజుకొని కూసో. కిటికీకి అడ్డం కూసోకు బిడ్డా, నాకు రోడ్డు కనవడాలె. ఆఁ, గట్ల. మా రాజి కారు తీస్కొని డెట్రాయిట్ పోయింది, ఒక్కతే. లైసెన్స్ వచ్చి ఇంకా నెల గూడ కాలే. "ఫ్రీవే ఎక్కను అమ్మమ్మా, లోకల్ రోడ్సే" అన్నది గని నా పానం ఊకుంటదా? గీ ఫార్మింగ్టన్ హిల్స్‌ల మా గల్లీల ఎవలి కారు మలిగినా లేసి సూస్తున్న పొద్దటిసంది.

జడ ముచ్చట చెప్త, ఆగు. చాయ్ పెట్టిన, తాగుతవు గదా?

నువ్వు మా బేస్‌మెంట్‌ల కిరాయికి దిగినప్పటిసంది రాజిని సూస్తున్నవు. అడుగుదామనుకొని అడగలేదు, అవునా? నాకు తెల్సు, అందరి మొఖంల గదే ఉంటది. రాజి నా బిడ్డ సునీత బిడ్డ. మా అల్లుడు మార్కస్ డెట్రాయిట్‌ల పుట్టి పెరిగినోడు, బ్లాక్. నేను ముందుగాల "నల్లోళ్లు" అంటుంటి. మనదిక్కు అందరం గట్లనే అంటం గదా, ఏముంది అండ్ల అనుకుంటి. ఒకనాడు రాజి అన్నం కాడికెల్లి లేసింది. "నన్ను కూడా అలాగే పిలుస్తావా అమ్మమ్మా?" అన్నది. గప్పటిసంది బ్లాక్ అనే అంటున్న. సునీత ఈ పెండ్లి చేస్కుంటనంటే మా ఆయన శాన దినాలు మాట్లాడలే. కార్ల కంపెనీల ఇంజనీరు గదా, మొండోడు. తర్వాత గదే అల్లునితోని గరాజ్‌ల కూసొని పాత కార్లు ఊడదీసుడు, బిగించుడు. అన్నం తినరాండ్రంటే ఇద్దరు రాకపోయేది. పోయిండు పాపం... సరే, అది వేరే ముచ్చట. ఎక్కడున్న? ఆఁ, రాజి.

రాజి నెలలు నిండకముందే పుట్టింది. ఇగో, నా అరచేయి ఉన్నది సూడు, గింతంత పిల్ల. హాస్పిటల్ల గాజు పెట్టెల వెట్టిన్రు, ఒంటినిండ వైర్లు. సునీతనేమో లేవలేకపాయె. నేను బయట నిలవడి మొక్కిన. మీ గుంటూరోళ్లకు తిరపతి ఎట్లనో మా కరీంనగరోళ్లకు వేములాడ రాజన్న, అంటే శివుడే, గట్ల. "రాజన్నా, గీ పిల్లను నాకియ్యి. నెత్తి మీది ఎంటికలన్నీ నీకే ఇప్పిస్త, కోడెను గుడి సుట్టు తిప్పి కట్టేపిస్త" అన్న. పిల్ల బతికింది. ఆయన పేరే పెట్టుకున్నం. ఎవలన్న పుట్టెంటికలు మొక్కరా చెప్పు? నా పిల్లలకు, మా చెల్లె పిల్లలకు, అందరికి గట్లనే ఇచ్చినం. నేనేం లోకంల లేనిది మొక్కలే.

ఇగ ఏడాది నిండబోతుంటే సంగతి తీసిన. మా వియ్యపురాలు లొరెయిన్ ఉండె గప్పుడు, మంచి మనిషి, చర్చిల పాటలు పాడేది. ఆమె పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి, "మా వాళ్లల్ల పసిపిల్లల జుట్టుకు కత్తెర పెట్టం" అన్నది. సునీతనేమో "తర్వాత చూద్దాం లేమ్మా" అన్నది. గా తర్వాత ఇప్పటికి రాలే. పిల్లకు జరమొస్తే నాకు మొక్కే యాదికొస్తది. సైకిల్ మీదికెల్లి పడ్డా గదే. కరోనా అప్పుడైతే నేను నిద్రపోయిందే లేదు. ఎవ్వలికి చెప్పలే. చెప్తే మూఢనమ్మకం అంటరు.

ఆగాగు, గది సైరన్ కాదా? ఏ దిక్కు పోతుంది? ... అంబులెన్సా, పోలీసా? పోయింది లే. మార్కస్ రాజికి డ్రైవింగ్ నేర్పినప్పుడు అన్నిటికంటే ముందు నేర్పింది ఏంది తెల్సా? పోలీసులు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలె, ఎట్ల మాట్లాడాలె. బ్లాక్ పిల్లలైతే చెయ్యి కదిలినా కాలుస్తరని భయం ఆయనకు, పార్కింగ్ తర్వాత నేర్పిండు. నేను వెనక సీట్ల కూసొని ఇన్న.  మా పిల్లలకు మేము నేర్పినమా ఇసొంటియి?

సరే. రాజి జుట్టు సూసినవు గదా, భుజాల కిందికి జడలు జడలు, లాక్స్ అంటరు వాటిని. చిన్నప్పుడే మొదలువెట్టింది. వాటిని సూసేది మిస్ ఎర్లీన్ అని, నా ఈడుదే, డెట్రాయిట్‌ల షాపున్నది ఆమెకు. ఇప్పుడు రాజి పోయింది గాడికే. మా రాజికి ఒక పట్టుదల, సబ్బు కొన్నా, పుస్తకం కొన్నా, నా మోకాళ్లకు నూనె కొన్నా బ్లాక్ వాళ్ల షాపుల్నే కొనాలె. "దగ్గర్ల ఇంత పెద్ద షాపుండంగ అంత దూరమెందుకే" అంటే, "మనం వెళ్లకపోతే ఎవరు వెళ్తారు అమ్మమ్మా, ఎన్ని మూసేశారో తెలుసా" అంటది. నేను గూడ తోలుకపొమ్మని ఎంట వోతుంటి. మొదటిసారి నూనె కొని, "అమ్మా, మేము ఖాయం గిరాకీ గదా, కొసరియ్యి" అని అడిగిన. కొసరు లేకుంట కొంటే అది కొన్నట్టా? రాజి మొఖం ఎర్రగైంది. "అమ్మమ్మా! సపోర్ట్ చేయడానికి వచ్చాం, బేరమాడటానికి కాదు!" అన్నది. మిస్ ఎర్లీన్ నేనేమన్ననో రాజినడిగి తెల్సుకొని, పొట్ట వట్టుకొని నవ్వి చిన్న సీస ఒకటి నా చేతుల వెట్టింది. గప్పటిసంది ఇద్దరం దోస్తులం. ఆమె ఇంగ్లీషు నాకు సగం సమజైతది, నా ఇంగ్లీషు ఆమెకు పావు.

గాడ గోడకు ఎంటికల పాకెట్లు ఏలాడుతుంటయి, సవరాల లెక్క. ఒక్కటి తీసి సూస్తే గుడి గోపురం బొమ్మ, ఇండియన్ హెయిర్ అని రాసున్నది. నా చెయ్యి ఆడనే ఆగిపోయింది స్రవంతీ. గుళ్లల్ల ఇచ్చిన ఎంటికలు వేలం పోతయని తెల్సు గని, గిక్కడిదాక వస్తయని ఎన్నడు అనుకోలే. ఏ తల్లి మొక్కో, ఎవలి పిల్లగాడు లేసి తిరిగిండో. మిస్ ఎర్లీన్‌ను అడిగితే ఆమె ముక్కు ఇరిసింది. జుట్టు మా దిక్కునుంచి వస్తదట, పెట్టుకునేది వాళ్లవాళ్లట, నడుమ అమ్మేటోళ్లల్ల మాత్రం వాళ్లోళ్లు శాన తక్కువట. "మా నెత్తి మీద యాపారం, మా వీధి దాటిపోతది" అన్నది. రాజి పట్టుదల ఏందో నాకు గప్పుడు సమజైంది.

ఇగ అసలు ముచ్చట. గీ డిసెంబర్‌ల అందరం ఇండియాకు పోతున్నం, టికెట్లైనయి. టికెట్లైనకాడికెల్లి నాకు కూడు సయిస్తలేదు. వేములాడ పోకుండ రాలేం. పోయి రాజన్న ముందర ఏం చెప్పాలె? చెప్పకుండ ఉందామంటే లైసెన్స్ వచ్చిన పిల్లాయె, మొక్కు తీరక రోడ్డు మీద ఏమన్న అయితదేమోనని భయం. ఒకనాడు రాజి షాపుల కుర్చీల కూసున్నప్పుడు, మిస్ ఎర్లీన్ జడలు తిప్పుతుంటే, ఇగ ఆగలేక చెప్పేసిన. గాజు పెట్టె కాడికెల్లి కోడెదాక.

రాజి అద్దంల నన్నే సూసింది. "నా జుట్టు నువ్వు ప్రామిస్ చేశావా? నన్ను అడగకుండా?" అన్నది. "నీకు అడిగే నోరెక్కడిదే గప్పుడు, ముక్కుల పైపుండె" అన్న నేను. నాకు గూడ కోపమొచ్చింది మరి. "అమ్మమ్మా, నీ శివుడికి కూడా లాక్స్ ఉన్నాయి కదా, ఆయన ఎందుకు కట్ చేసుకోలేదు?" అన్నది. నవ్వకు!  తర్వాత మెల్లగ అన్నది, "స్కూల్లో ఇండియన్ పిల్లలు నేను ఇండియన్ కాదంటారు. కొందరు బ్లాక్ పిల్లలు నేను సగమే అంటారు. ఇది చూస్తే మాత్రం ఎవరూ నన్ను అడగరు అమ్మమ్మా. ఇది తీసేస్తే నేను ఎవర్ని?" అని.

 ఇంటికొచ్చినంక నాతోని మాట్లాడుడు బందు వెట్టింది. పప్పుచారు చేసినా పైకెల్లి దిగలే. నాకు రెండు దిక్కుల భయం. ఇటు దేవుడు, అటు పిల్ల. ఎటు తప్పినా పిల్లే పోతదేమోనని.

మార్కస్ కనిపెట్టిండు. కూరగాయలకు పోదాం రా అత్తమ్మా అన్నడు. అత్తమ్మ అనే పిలుస్తడు నన్ను, సునీత నేర్పింది. కార్ల కూసున్నంక సగం తెలుగుల, సగం ఇంగ్లీషుల నెమ్మదిగ చెప్పిండు. ఆయనకు గూడ కాలేజీల జడలుండెనట, నడుం దాక. మొదటి నౌకరి కాడ, జుట్టు నీట్‌గ లేదు, తీసేస్తె తీసుకుంటమన్నరట. తీసేసుకున్నడు. లొరెయిన్ వాటిని కిందవడనియ్యకుండ ఏరి, దిండు కవర్ల వెట్టి కుట్టేసి దాసిందట. ఆమె పోయినంక గూడ అది వాళ్ల కప్‌బోర్డుల ఉన్నది. రాజికి గది తెల్సట, ఎన్నిసార్లో ఒళ్లె వెట్టుకొని కూసున్నదట.

స్రవంతీ, మనం దేవునికిస్తం. గా పిల్లగాడు నౌకరికి ఇచ్చుకున్నడు. దేవుడన్న పిల్లల్ని కాస్తడు. గా నౌకరి ఆయనను తర్వాత తీసేసింది. నాకు శాన దుఃఖమొచ్చింది, కొత్తిమీర కట్ట వట్టుకొని షాపుల నిలవడి ఏడ్సిన.

ఒచ్చేటప్పుడు ఇంకోటి అడిగిన, అదొక బుగులు ఉండె నాకు. గుళ్లె పూజారి పేరు, గోత్రం అడుగుతడు. పిల్లలకు తండ్రి గోత్రమే చెప్పాలె గదా. "మార్కస్, మీ గోత్రమేంది నాయినా?" అన్న. ఆయనకు తెల్వదు గదా, "మీ అందరికంటే పాత మనిషి పేరు" అని ఇవరం చెప్పిన. ఆయన కారు పక్కకాపిండు. "అత్తమ్మా, మా ఇంటిపేరు గూడ మాది కాదు, మా వాళ్లను బానిసలుగ కొన్నోనిది. అంతకు ముందు ఎవలో మాకు తెల్వనియ్యలే. మా నాయినమ్మకు యాదున్న ఆఖరు పేరు హ్యాటీ. అలబామాల పత్తి ఏరేది. ఆమె పైన ఎవలూ లేరు మాకు" అన్నడు. మా ఊళ్లె పత్తి ఏరేటోళ్లకు గూడ గోత్రముంటది బిడ్డా. మనిషికి పేరే లేకుంట చేసుడేంది?

తెల్లారి నేను మార్కస్‌ను మిస్ ఎర్లీన్ షాపుకు తోలుకపొమ్మన్న. కుర్చీల కూసొని, నాది తియ్యి అన్న. ఆమె తియ్యనన్నది. "ఇది నా పని కాదు, నీ కూతురు నన్ను తిడ్తది" అన్నది. దేవుని బాకీ, నేను నోటితోని మొక్కిన, నేనే తీర్సుకోవాలె అన్న. దేవుడు అనంగనే ఆమె దువ్వెన అందుకున్నది. జడకు రెండు దిక్కుల దారం కట్టింది. షాపుల ఆడోళ్లందరు లేసి నిలవడి చేతులు పట్టుకొని వాళ్ల దేవునికి మొక్కిన్రు. మిస్ ఎర్లీన్ కత్తెర పెట్టింది. కోసినంక జడను తెల్లగుడ్డల సుట్టి ఇచ్చి, "ఇది ఏ పాకెట్లకు పోవద్దు" అన్నది. పోతదమ్మా, అది దేవుని ఇష్టం అన్న. రాజన్నకు ఇచ్చినంక మనదేముంది?

అగో కారు... కాదు, గా ఎదురింటోళ్లది. టైమెంతైంది? అంత సేపు పడ్తదా జడలు తిప్పుటానికి?

రాజి నిన్న సూసింది నా నెత్తి.  మెట్లు దిగొచ్చి నా మెడ మీద చెయ్యి వెట్టి, గిక్కడ సల్లగుందా అమ్మమ్మా అనడిగింది. ఇగో, గీ సిల్కు గుడ్డ సూడు, ఆమెనే కట్టింది, వాళ్ల నాయినమ్మ కట్టుకునేటిదట. "నేను వేములవాడ వస్తాను, లైన్‌లో నీ పక్కనే ఉంటాను. నా జుట్టు మాత్రం నాదే" అన్నది. సరే అన్న. "అక్కడ నన్ను ఏం అడుగుతారు?" అన్నది. పేరు, గోత్రం అన్న. "డాడీకి లేదు కదా" అని తల దించుకున్నది. ఉన్నది బిడ్డా అన్న. హ్యాటీ గోత్రం.

పిల్ల ఎంతసేపు ఏడ్సిందో. కొద్దిసేపైనంక, "నేనే చెప్తాను అమ్మమ్మా, నువ్వు చెప్పకు" అన్నది. నిన్నటిసంది పొద్దున పోయేదాక గదే పలికింది ఇంట్ల, రాజి, హ్యాటీ గోత్రం, రాజి, హ్యాటీ గోత్రం అని.

నాకు భయమే స్రవంతీ, ఎందుకబద్ధం చెప్పాలె. అసొంటి గోత్రం లేదని పూజారి అంటే? లైన్ల ఎవలన్న నవ్వితే? మొక్కింది పిల్ల ఎంటికలు, తెచ్చింది ముసల్దాని ఎంటికలు అని రాజన్న అంటే? అంటే అననీ. ఆయన కాళ్లు వట్టుకొని చెప్పుకుంట. పిల్లను బతికిచ్చినోనివి, ఆ పిల్ల ఎవలో గూడ నువ్వే సమజ్ చేస్కోవాలె అంట.

ఫోన్ కొట్టవా జెర? ... వద్దొద్దు, కొట్టకు. నడిపేటప్పుడు ఎత్తకని నేనే చెప్పిన. చాయ్ సల్లారె, మల్ల వేడి చేస్త ఉండు. నువ్వు గూడ రేపు కారు కొనుక్కుంటవు, గీ రోడ్ల మీదనే తిరుగుతవు. మీరందరు సల్లగ పోయి సల్లగ రాండ్రి బిడ్డా, గంతే అడుగుతున్న. దీనికి మాత్రం ఎవలి ఎంటికలూ మొక్కను, నాయి గివే మిగిలినయి.

అగో, గా నీలం కారు మాదే గదా? లేసి సూడు. ... మాదేనా?