మేత కొండ ఎవురిచ్చినారు

వెంగళప్ప నాయుడని కొత్త పాలెగాడు. కొత్తంటే, వాళ్ల నాయన ఓబుళ నాయుడు పోయి ఎన్నో దినాలు కాలా. ఆ పెద్దాయన కాలమంతా ఏటికవతల పాలెగాడితో యుద్ధమే అనుకో. దేనికి మొదలైందో కొట్టుకునేటోళ్లకే తెలీదు. ఏమైందంటే, పెద్దాయన మంచాన పడినాక అవతలాయనకు కబురంపినాడంట. చెరలో ఉండే మావోళ్లను వదిలిపెట్టు, మా గొర్రెల మేత కొండ నువ్వు తీసుకో, ఇంక చాలు అని. ఆయనా సరే అన్నాడు. మాట కుదిరింది, ఈయన కన్ను మూసినాడు.

ఆ తర్వాత చెరలోవాళ్లు ఇండ్లకొచ్చినారు. గడ్డాలు పెరిగి, పెండ్లాలే గుర్తుపట్టలేకపోయిరంట. కొడుకేం చేసినాడు? యుద్ధం ఆపింది వెంగళప్ప దొరే, మనుషుల్ని తెచ్చింది ఆయనే అని ఊరూరా దండోరా కొట్టించినాడు. జనం మొక్కినారు. మొక్కరా మరి, మొగుడు ఇంటికొస్తే? అంతలో వానలు పడినాయి. గొర్రెలోళ్లు కొండకు పోతే అవతలోళ్లు తరిమేసినారు. వీళ్లొచ్చి కచేరీ ముందర కూర్చోని, "మా కొండ ఏమాయ దొరా?" అన్నారు. దొర తడుముకోలా. అది మా నాయన చేసిన పని, ముసలితనంలో మతి చెడి ఇచ్చేసినాడు, నేనైతే ఇస్తానా, రేపే కత్తులు తీయండి అన్నాడంట.

తల్లి అక్కదేవమ్మ లోపల్నుంచి వింటా ఉంది. మొగుడు పోయినాక గడప దాటని మనిషి, ఆపొద్దు దాటింది. "మంచి నీదీ, చెడ్డ మీ నాయనదీనా? రెండూ ఒకే మాటలో కుదిరినాయి నాయనా, నేను పక్కనే ఉంటిని" అనింది. "నీకు తెలీదు, లోపలికి పోమ్మా" అన్నాడు కొడుకు.

అప్పుడు లేచినాడు బోయ సుంకన్న. చెరలోంచి వచ్చినోడే, కాలికి సంకెల పుండు ఇంకా మానలా. "దొరా, ఆ కొండకు బదులు వచ్చింది మేమే. కొండ కావాలంటే మమ్మల్ని తిరిగి ఇచ్చేయాల గదా. కత్తులెందుకు, మేమే నడిచిపోతాం" అని ఏటి దిక్కు కదిలినాడు. వాని ఎనకాల ఒక్కొక్కరే మిగిలినోళ్లు. వాని పెండ్లాం ఎల్లక్క ఏడవలా, బిడ్డను చంకనేసుకోని తనూ నడిచింది. ఎవురు అడ్డం పడినారనుకున్యారు? గొర్రెలోళ్లే అబ్బా! "కొండా వద్దు, ఏమీ వద్దు, ఎనక్కి రాండి" అని చేతులు పట్టుకున్యారు.

దొర తల్లి దిక్కు తిరిగినాడు. "కొండ కూడా నేనే ఇచ్చినానని చాటిస్తానమ్మా" అన్నాడు. "నువ్వియ్యలేదు గదా. మీ నాయన ఇచ్చినాడను, మంచికే ఇచ్చినాడను" అనింది ఆమె. అట్లనే చాటించినాడంట.

ఇప్పటికీ ఏటికవతల అడగండి, యుద్ధం ఆపింది మా పాలెగాడే అంటారు. అననీలే. దానికోసం మళ్లా కొట్లాడేదా ఏంది?