కరుణమ్మకు కోపం వస్తలేదు

చిన్న మంగళారం ఊరు. ఆదివారం, చర్చి విడిచిన మధ్యాహ్నం. కరుణమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పుంటికూర తెంపుతోంది. పక్కింటి ప్రమీలమ్మ ఒక పక్క, కూరగాయల రైతు నర్సింహ ఒక పక్క చేరి పావుగంట దాటింది. ఇద్దరూ లేచేలా లేరని కరుణమ్మకు అర్థమైపోయింది.

"తిట్టక్కా. ఒక్కసారి తిట్టి చూపియ్యి, మేం పోతం."

"ఎవర్ని తిట్టాలె ప్రమీలా? ఉత్తగనే ఎట్ల తిడతరు?"

"ఉత్తగ ఎందుకు? ఇగో, నర్సింహ ఉన్నడు గదా. ఈయననే తహసీల్దార్ సారనుకో. నర్సింహా, జర నిక్కి కూసో."

"కూసున్న. ఆఁ... ఏమ్మా, ఏం పని మీదొచ్చిండ్రు? జల్ది చెప్పుండ్రి, నాకు మీటింగున్నది."

"అయ్యో, మీటింగున్నదా సారూ? అట్లయితె పోయి రాండ్రి. మేం ఇంకోసారి వస్తం."

"ఇంకోసారా! వదినా, రేపు పొద్దుగాలనే గదా మొయినాబాద్ ఆఫీసుల మన ఫైలు వినేది! బొందలగడ్డ బాట ఫైలు! ఇంకోసారి యాడిది?"

"ఎరికే నర్సింహా. మీటింగు అనంగనే పాపం అనిపించింది."

"పాపమట! ప్రమీలమ్మా, పోయినసారి ఇదే సారు మీటింగున్నదంటె ఈమె ఏమన్నది?"

"'ఆ మీటింగేదో మాతోనే పెట్టు' అన్నది. సారు లేచి నిలబడంగనే పోయి సారు కుర్సీల కూసున్నది. ఇద్దరు అటెండర్లు రెక్కలు పట్టి గుంజినా లేవలె."

"గప్పుడు బరువుండె. ఇప్పుడు ఒక్కడు గుంజినా లేస్త."

"మళ్ల చేద్దాం. నర్సింహా, ఈసారి జర తిక్కగ మాట్లాడు. ఈమెకు మండాలె."

"మండేటట్టు అంటనా? సరే. ఏయ్, ఎవరు మిమ్మల్ని లోపలికి రానిచ్చింది? పనీపాట లేదా మీకు? బయటికి నడువుండ్రి!"

"సారూ, ఎండల తిరిగొచ్చినట్టున్నరు. మజ్జిగ తాగుతరా?"

"మజ్జిగనా!"

"తాగు నర్సింహా, నిజంగనే ఉన్నది లోపల. జీలకర వేసిన."

"అక్కా, ఆ పుంటికూర పక్కకు పెట్టు. ఏమైంది నీకు? మహిళా సంఘానికి నిన్ను లీడర్‌ను ఎందుకు చేసినం? మజ్జిగ పొయ్యనీకా?"

"మీకు చెప్తె సమజైతలేదు పిల్లా. ఆ కోపం నాది కాదు. గోలీలది. కీళ్లవాతానికి నాలుగేండ్లు స్టెరాయిడ్ గోలీలు మింగిన గదా. అది కడుపుల పడ్డదంటె నిద్ర రాదు, ఆకలి తీరదు, ఎదురొచ్చినోన్ని కొట్టబుద్ధయితది. పన్నెండు జొన్నరొట్టెలు తిని పదమూడోది ఏదని అడిగేదాన్ని. మా జయరాజు, కన్నకొడుకు, నన్ను చూసి తలుపేసుకునేటోడు."

"తినుడు మేమేమన్న వద్దన్నమా?"

"ముఖం చూసినవా గప్పుడు నాది? తాంబాలం లెక్క. డాక్టరమ్మ ఇరవై నుంచి పదికి తెచ్చింది, పది నుంచి అయిదుకు. ఆఖరికి గోలీని బ్లేడుతోని కోసి పావు ముక్క. మొత్తం మానినంక దువ్వెన ఎత్తే తాకత్ కూడ లేకుండె. బకెట్ పట్టుకోని రెండడుగులేసి నీళ్లన్ని ఒలకబోసి అక్కడనే కూసోని ఏడ్చిన. ఇప్పుడు జర మనిషి లెక్కున్న. నా ముఖం నాకొచ్చింది."

"నీ ముఖం నీకొస్తె మాకేం ఫాయిదా వదినా? మేం లీడర్‌ను చేసింది ఆ ముఖాన్ని!"

"నర్సింహా!"

"తప్పేమన్నన్న? ఈ ముఖంతోని పోతె సారు గుర్తు కూడ పట్టడు. 'ఆ లావు మేడం ఏది, ఆమెతోనే మాట్లాడత' అంటడు. బుగ్గలల్ల దూదన్న పెట్టుకో జర."

"దూది పెట్టుకుంటె మాటెట్ల వస్తది?"

"ఇప్పుడేమన్న వస్తున్నదా?"

"ఆగు నర్సింహా, దూది వద్దు. తెచ్చిందేదో చూపియ్యరాదు. జేబుల పెట్టుకోని కూసున్నవేంది?"

"ఏం తెచ్చినవ్ నర్సింహా?"

"ఏం లేదు వదినా. చేవెళ్ల మార్కెట్ల టమాట దించనీకి పోయిన. ఎట్లయినా పోయిన గదా అని, ఒక మెడికల్ షాపుల... గీ స్ట్రిప్పు. పది గోలీలు. నీవే. నువ్వు పారేసిన పాత సీసా చూపిచ్చి అవే అడిగిన."

"డాక్టర్ చీటీ లేకుంట ఎట్లిచ్చిండు?"

"ఎవరికి అని అడిగిండు. మా ఊరికి అని చెప్పిన."

"థూ! తీసుకపో! ఇవేమన్న పిప్పరమెంట్లా? డాక్టరమ్మ చెప్పకుంట ముట్టొద్దు. ఎముకలు గుల్లయితయి, షుగర్ లేస్తది. ఏడాది పట్టింది నాకు మానేతందుకు."

"పది వద్దు. ఒక్కటి. రేపు ఆటో ఎక్కంగ వేసుకో, సారును తిట్టు, దిగంగ మళ్ల మానెయ్యి."

"సగమన్న వేసుకో అక్కా. ఆ సారుకు సగం కోపం చాలు."

"ప్రమీలా, నువ్వు కూడనా? నేను ఈ గోలీలు మానాలెనని చర్చిల మోకాళ్ల మీద ప్రార్థన చేసినవ్ గదనే!"

"చేసిన. గప్పుడు మా అత్త బతికుండె. గేటు లేకుండె."

"ఇప్పుడా ముచ్చట ఎందుకు తియ్యి."

"ఎందుకు తియ్యొద్దు? తాతల నాటి బాట అది. ఫారంహౌజు సేటు కొనుక్కున్న జాగల నుంచి పోతదని గోడ కట్టి గేటు పెట్టిండు. మా అత్త శవం పెట్టె మోసుకోని బొందలగడ్డకు పోతె వాచ్‌మన్ రిజిస్టరు తెచ్చిండు. లోపలికి పోయేటోళ్లందరు రాయాలెనట. పేరు, ఫోన్ నంబరు, పోయే టైము, తిరిగొచ్చే టైము. మా అత్తకు తిరిగొచ్చే టైము ఏమని రాయాలె నేను?"

"పాస్టరయ్య రాసిండు గదా."

"రాసిండు. 'ప్రభువు వచ్చినప్పుడు' అని రాసిండు. సాయంత్రం ఆరు దాటితె కుదరదు, రూలు అన్నడు వాచ్‌మన్. ఆఖరికి నిచ్చెనలేసి పెట్టెను గోడ దాటించినం. అవతలికి తలకిందులు దిగింది. డెబ్బై తొమ్మిదేండ్లు బతికింది మా అత్త, ఒక్కనాడు ఒకరి గోడ దూకలె. సచ్చినంక దుంకింది."

"నా పొలం ఆ బొందలగడ్డకు అవతలనే వదినా. మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి తెస్తున్న. టమాటలు మార్కెట్‌కు పోకముందే ట్రాలీల రసమైతున్నయి."

"నాకు తెల్వదా? బాధైతనే ఉన్నది. కోపమే వస్తలేదు. ఏం చెయ్యాలె? అయినా సేటుతోని ఒకసారి మంచిగ మాట్లాడి చూడరాదుండ్రి. ఆయనకు కూడ దొంగల భయముంటది."

"దొంగలా? పెట్టెల మా అత్తనా దొంగ?"

"అట్లనలె ప్రమీలా."

"ఎవరు మాట్లాడుతున్నరు నీ నోట్లకెల్లి? 'ఆ గోడ పెరికి ఇటుకలు లెక్కవెట్టి సేటు ఒళ్లె పోస్త' అన్నదెవరు, సారు కుర్సీల కూసోని?"

"గోలీ అన్నది."

"గోలీ... ఆగక్కా. ఆగాగు. ఆఖరు గోలీ ఎప్పుడు మింగినవ్ నువ్వు?"

"ఎందుకు?"

"చెప్పు."

"ఏమో. ఎండలు మొదలైనంక. గుర్తు లేదు."

"ఎండలేంది? క్రిస్మస్ నాడు చర్చిల సాక్ష్యం చెప్పినవ్. 'నిన్నటితోని గోలీలు బంద్, దేవుడు విడిపిచ్చిండు' అని. అందరికి లడ్డూలు పంచినవ్. నేను రెండు తిన్న."

"అయ్యుంటది."

"కుర్సీల కూసున్నది మట్టలాదివారం తెల్లారి. ఆటోల మట్టలు ఇంక పచ్చగనే ఉండె. ఒకటి చేతుల పట్టుకోని అటెండర్లను అదిలిచ్చినవ్."

"మట్టలాదివారం అంటె ఎప్పుడొస్తది ప్రమీలమ్మా? నాకెరుక లేదు."

"ఈస్టర్ ముందటి ఆదివారం నర్సింహా. మీ ఉగాది అయినంక వచ్చింది ఈసారి."

"ఉగాది అయినంకనా? క్రిస్మస్‌కు బంద్ చేసి, ఉగాది అయినంక... వదినా, మూడు నెల్లు! గోలీ మాని మూడు నెల్లయినంక కూసున్నవ్ కుర్సీల!"

"ఒంట్లనే ఉంటదట మందు. కొన్ని దినాలు."

"మూడు నెల్లా? నేను పొలానికేసిన యూరియా ఒక్క వానకు నిలుస్తలేదు."

"దువ్వెన ఎత్తే తాకత్ లేకుండెనన్నవ్. కుర్సీ చేతులెట్ల పట్టుకున్నవ్ అక్కా మరి, ఇద్దరు గుంజినా ఇడువకుంట?"

"ఏమో నాకేమెరుక!"

"నాకెరుక. ఆ కోపం నీదే! ఏ గోలీది కాదు, నీ సొంతం! దేవునికి స్తోత్రం! నర్సింహా, పారెయ్యి ఆ స్ట్రిప్పు. అక్కా, రేపు ఎనిమిదిన్నరకు ఆటో."

"నాది కాదు ప్రమీలా."

"నీదే."

"కాదంటున్న గదా."

"నీదే వదినా, నేను గూడ చూసిన."

"కాదంటె కాదు! ఎన్నిసార్లు చెప్పాలె మీకు! నేను రాను! ఇడువుండ్రి నన్ను!"

"వచ్చింది! వచ్చింది నర్సింహా! సూడు, మెడ నరాలు ఎట్ల లేచినయో! గిదే, గిదే రేపు సారు ముంగట..."

"మెల్లగ! లొల్లి చెయ్యకుండ్రి. లోపల జయరాజు పండుకున్నడు."

"గీ పగటిపూట పండుకునుడేంది? నౌకరి కోసం రోజు తిరిగేటోడాయె."

"రాత్రి డ్యూటీ చేసొచ్చిండు."

"డ్యూటీనా! నౌకరి దొరికిందా జయరాజుకు? రెండేండ్లాయె అక్కా పిల్లగాడు డిగ్రీ పట్టుకోని తిరగబట్టి! ఇంత మంచి ముచ్చట చెప్పనే చెప్పవైతివి. ఎప్పుడు?"

"మొన్న శుక్రారం."

"ఎక్కడ?"

"ఇక్కడనే."

"ఇక్కడనే అంటె ఎక్కడ వదినా? మొయినాబాద్‌లనా?"

"సేటు గేటు కాడ. రేపు నేను తిడితె ఆ గేటు పోతది ప్రమీలా, గేటుతోని నా కొడుకు నౌకరి పోతది."